సంస్కరణశిల్పి మొదటి సాలార్ జంగ్

హైదరాబాదు నగరాన్ని చూడవచ్చిన విద్యార్థి ఎవరైనను మూసీనది ఒడ్డున ఉన్న సాలార్ జంగ్ మ్యూజియమును దర్శించకుండా తిరిగిపోడు. గంటగంటకు చిన్న బొమ్మ వెలుపలికి వచ్చి గంట కొట్టే గడియారం ముందు గుంపులో నిలబడతాడు. మేలిముసుగు ధరించిన రెబెకా పాలరాతి విగ్రహం ముందు, రాతిలో ఇంత పలుచని వస్త్రాన్ని చెక్కుట ఎట్లు సాధ్యమైనదని విస్తుపోతాడు. మా కళాశాల విద్యార్థులతో పలుమార్లు అక్కడకు వెళ్లినపుడు, ఈ సాలార్ జంగ్ ఎవరని వారిని అడిగినాము. కళాఖండాలను సేకరించిన ఒక గొప్ప నవాబు అనే సమాధానమే ఎక్కువమంది నుండి వచ్చినది. ఆ సమాధానం తప్పు కాదు. మ్యూజియములోని సేకరణలో అధికభాగం మూడవ సాలార్ జంగ్ అయిన మీర్ యూసుఫ్ అలీ ఖాన్ (1889–1949) సమకూర్చినదే. కాని ఆ బిరుదుకు చరిత్రలో స్థానం సంపాదించినవాడు ఆయన పితామహుడు, మొదటి సాలార్ జంగ్. రెబెకా విగ్రహాన్ని 1876లో రోము నగరంలో కొన్నవాడు కూడా ఆయనే. ఆయన చేసిన అసలు పని మాత్రం ఏ అద్దాల బీరువాలోనూ పెట్టి చూపదగినది కాదు. కూలిపోతున్న ఒక పెద్ద వ్యవస్థను, దానిలో నివసిస్తున్నవారిని వెళ్లగొట్టకుండానే, గోడ తరువాత గోడగా మార్చి కట్టినాడు.

నేడు వాణిజ్యశాస్త్రం చదివే మన విద్యార్థులకు సంస్థలలో మార్పును నడిపించుట ఒక పాఠ్యాంశం. అందులోని ఉదాహరణలు సాధారణంగా దూరదేశాల కర్మాగారాలకు, కంపెనీలకు సంబంధించినవి. మన ముంగిటనే ముప్పదియేండ్లపాటు జరిగిన ఒక మహాప్రయోగాన్ని వారి ముందుంచుట మా ఉద్దేశం. ఆ ప్రయోగంలోని విజయాలనే గాక, దాని లోపాలను, దానికి చెల్లించిన మూల్యాన్ని కూడా చెప్పదలచినాము. పొగడ్త ఒక్కటే వినిపించే జీవితచరిత్ర వలన యువకులకు కలిగే ప్రయోజనం స్వల్పం.

సాలార్ జంగ్ అసలు పేరు మీర్ తురాబ్ అలీ ఖాన్. ఆయన 1829 జనవరి 21వ తేదీన జన్మించినాడు. బిజాపూరు ఆదిల్ షాహీల కాలంనుండి రాజకీయోద్యోగాలు నిర్వహించిన వంశం వారిది. ముత్తాతలలో ఒకడైన మీర్ ఆలం నిజాముకు దివాను. నగరానికి పడమట ఉన్న మీర్ ఆలం చెరువు నేటికీ ఆయన పేరును నిలిపియున్నది. పితామహుడు మునీరుల్ ముల్క్ కూడా దివానే. కాని ఆయన చేతిలో పదవి ఉండినదే తప్ప అధికారం ఉండలేదు. రాజ్యవ్యవహారమంతా పేష్కారు చందూలాల్ చేతిలో నడిచినది. పదవి వేరు, పని వేరు అనే సత్యం ఈ విధంగా ఆ ఇంటి చరిత్రలోనే ఉన్నది. తురాబ్ అలీ ఖాన్ బాల్యంలోనే తండ్రిని కోల్పోయి పెద్దల సంరక్షణలో పెరిగినాడు. అరబ్బీ, పారశీ భాషలను ఇంటివద్దనే అభ్యసించి, ఆంగ్లమును కూడా నేర్చుకొన్నాడు. పందొమ్మిదేండ్ల ప్రాయంలో ఖమ్మం ప్రాంతానికి తాలూకాదారుగా నియమింపబడి, కొన్ని నెలలపాటు ఆ బాధ్యతను నిర్వహించినాడు. అంతకు మునుపు అక్కడ డైటన్ అనే ఆంగ్లోద్యోగి ఒక క్రమమైన వసూలు పద్ధతిని నెలకొల్పియుండెను. తెలుగు రైతు ఇచ్చే శిస్తు గ్రామం నుండి ఖజానా వరకు ఏయే చేతులు దాటుతుందో, ఏ చేతిలో ఎంత కరగిపోతుందో ఆ యువకుడు దగ్గరగా చూచినది మన తెలుగు నేల మీదనే.

ఆయన తండ్రి సోదరుడు సిరాజుల్ ముల్క్ దివానుగా ఉన్న కాలంలో రాజ్యం అప్పులలో నిండా మునిగియుండెను. ఆ అప్పుల కథ పాతది. చందూలాల్ కాలంలో పామర్ కంపెనీ వద్ద చేసిన ఋణం తీర్చుటకు, ఉత్తర సర్కారుల నిమిత్తం ఆంగ్లేయులనుండి ఏటేటా రావలసిన పేష్కష్‌ను నిజాము ప్రభుత్వం 1823లో శాశ్వతంగా వదులుకొనవలసి వచ్చినది. తరువాత కంటింజెంటు అనే పేరున ఆంగ్ల అధికారుల క్రింద ఉన్న సైన్యపు జీతాలు బకాయి పడినవి. ఆ బాకీ క్రింద 1853 మే 21వ తేదీన వ్రాయించుకొన్న ఒడంబడిక ప్రకారం బీరారు, రాయచూరు అంతర్వేది, నల్దుర్గం ప్రాంతాలు కంపెనీవారి పాలనలోనికి పోయినవి. రాజ్యంలో మిక్కిలి సారవంతమైన భూములు అవి. ఆ సంతకం జరిగిన కొద్ది దినాలకే సిరాజుల్ ముల్క్ మరణించినాడు. నాలుగవ నిజాము నాసిరుద్దౌలా దివాను పదవిని ఇరువది నాలుగేండ్ల తురాబ్ అలీ ఖానుకు అప్పగించినాడు. తాను ఈ పదవిని కోరలేదని, కుటుంబ గౌరవం కోసం స్వీకరించవలసి వచ్చినదని ఆయన భావించినట్లు చరిత్రకారులు చెప్పుదురు. దివాళా తీసిన దుకాణం తాళపుచెవులు చేతికి వచ్చినపుడు సంతోషించేవాడు ఎవడుంటాడు?

ఆనాటి రాజ్యస్థితిని కొంత వివరించవలసియున్నది. జిల్లాలను, తాలూకాలను గుత్తకు ఇచ్చేవారు. గుత్తేదారు ముందుగా కొంత సొమ్మును సర్కారుకు అప్పుగా చెల్లించి, ఆ అప్పును వడ్డీతో సహా రైతునుండి రాబట్టుకొనేవాడు. ఎక్కువ పాట పాడినవాడు వచ్చినపుడు పాతవాడిని తొలగించేవారు. ఎప్పుడు పోవునో తెలియని గుత్తేదారుకు చెరువు కట్ట తెగినను, పల్లె పాడుపడినను చింత లేదు. ఉన్నన్ని దినాలు పిండుకొనుటే అతనికి తెలిసిన పాలన. జీతాలు అందని అరబ్బు, పఠాను జమేదారులకు తాలూకాలు తాకట్టులో ఉండినవి. ఆ జమేదారులే వడ్డీవ్యాపారులు కూడా. బాకీ చెల్లించనివారిని తమ ఇండ్లలోనే నిర్బంధించి ఉంచేవారు. న్యాయస్థానం పేరున్నది గాని, బలవంతునిపై దాని మాట చెల్లేది కాదు. టంకశాలలు పలుచోట్ల ఉండి, నాణెపు విలువ ఊరూరికి మారేది. నిజాము నగలు సయితం ఋణదాతల వద్ద కుదువలో ఉండినవి. రాజ్యం మొత్తం ఆదాయమెంత, వ్యయమెంత అనే లెక్క ఒక్కచోట దొరకేది కాదు.

ఇట్టి పరిస్థితిలో యువకుడైన అధికారి ఎవరైనను ముందుగా ఒక గొప్ప ప్రకటన చేయుటకు ఆశపడతాడు. సాలార్ జంగ్ ఆ పని చేయలేదు. ఆయన మొదటి చూపు లెక్క పుస్తకంపైన, రెండవ చూపు ఇచ్చిన మాటపైన నిలిచినది. రాజ్యానికి సొమ్ము లేకపోవుట కంటె, రాజ్యం మాటపై నమ్మకం లేకపోవుటయే అసలు వ్యాధి అని ఆయన గుర్తించినాడు. బాకీలను పరిశీలించి, న్యాయమైనవాటిని అంగీకరించి, తీర్చుటకు గడువులు నిర్ణయించి, ఆ గడువులు తప్పకుండా చెల్లించుటకు పూనుకొన్నాడు. ఒక గడువు నిలబడిన తరువాత రెండవ అప్పు తక్కువ వడ్డీకి పుట్టినది. ఆ సొమ్ముతో తాకట్టులో ఉన్న తాలూకాలను ఒకటొకటిగా విడిపించినాడు. విడిపించిన తాలూకాను తిరిగి గుత్తకు ఇవ్వక, నెలజీతంపై పనిచేసే తాలూకాదారును అక్కడ నియమించినాడు. నిజాము నగలను కూడా కుదువనుండి విడిపించినాడు. హాలీ సిక్కా అనే పేరున నాణెమును క్రమబద్ధం చేసి, ముద్రణను రాజధానిలోని టంకశాల క్రిందకు తెచ్చినాడు.

అరబ్బుల విషయంలో ఆయన అనుసరించిన నీతి గమనింపదగినది. వారిని ఒక్కసారిగా తొలగించినచో నగరం రక్తసిక్తమయ్యేది. ఆయన వారిలోని పెద్ద జమేదార్లతోనే మాట్లాడి, వారి మనుష్యుల క్రమశిక్షణకు వారినే బాధ్యులుగా చేసినాడు. వ్యాపారాన్ని నాశనం చేస్తున్న దోపిడీ ముఠాలపై, అదుపు తప్పిన ప్రభువులపై ఆ అరబ్బు దళాలనే ప్రయోగించినాడు. నిన్నటివరకు వ్యవస్థకు రోగంగా ఉన్న బలం ఈ విధంగా నేడు దానికి కావలిగా మారినది. ఇండ్లలోని నిర్బంధాలు క్రమంగా తగ్గి, బాకీల తగాదాలు అదాలతులకు చేరసాగినవి.

ఈ పని నడుమ 1857 వచ్చినది. ఆ సంవత్సరం మే నెలలో నాసిరుద్దౌలా మరణించగా, అఫ్జలుద్దౌలా సింహాసనమెక్కినాడు. ఉత్తరదేశంలో చెలరేగిన తిరుగుబాటు వార్తలకు నగరం ఉడికిపోయినది. ఔరంగాబాదు వైపునుండి వచ్చిన జమేదారు చీదా ఖానును దివాను పట్టుకొని ఆంగ్ల రెసిడెంటుకు అప్పగించుటతో జనం ఆగ్రహించినది. జులై 17వ తేదీన తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లాఉద్దీన్ల నాయకత్వంలో రోహిలాలు రెసిడెన్సీపై దాడి చేసినారు. దాడి జరుగనున్నదని దివాను ముందే కబురు పంపియుండెను. ఫిరంగుల ముందు దాడి విఫలమైనది. తుర్రెబాజ్ ఖాన్ పట్టుబడి, చెరనుండి తప్పించుకొని, 1859లో తూప్రాను సమీపంలో చంపబడినాడు. మౌల్వీ అల్లాఉద్దీన్ అండమాను దీవులకు పంపబడినాడు.

ఈ ఘట్టం వద్ద మా కలం కొంత తడబడుతున్నది. నేడు కోఠీ ప్రాంతంలో తుర్రెబాజ్ ఖాన్ పేరున వీధి ఉన్నది. మూసీ ఒడ్డున సాలార్ జంగ్ పేరున మ్యూజియం ఉన్నది. రెండింటికి నడుమ దూరం స్వల్పమే. ఆ ఇద్దరిలో ఎవరు ఒప్పు అని మా విద్యార్థులు అడిగినపుడు ఒక్కమాటలో సమాధానం చెప్పి తప్పించుకొనుట మాకు ఇష్టం లేదు. పరాయి పాలనపై ప్రాణాలొడ్డి పోరాడిన వీరునికి ఈ దేశం తలవంచి నమస్కరించుట న్యాయం. ఆంగ్లేయులు జయించినచో అవధ్ సంస్థానానికి పట్టిన గతే దక్కనుకు పట్టునని, నాలుగేండ్లుగా తాను నిలబెట్టుకొంటూ వచ్చినదంతా బూడిద అగునని దివాను భావించినాడు. ఆయన లెక్క ఫలించినది. 1860 నాటి ఒడంబడికలో రాయచూరు, నల్దుర్గం ప్రాంతాలు తిరిగి వచ్చినవి, యాభై లక్షల రూపాయల ఋణం రద్దయినది. కాని లెక్క ఫలించుట వేరు, హృదయం అంగీకరించుట వేరు. సొంత నగర ప్రజల దృష్టిలో ఆయన చాలాకాలం ఫిరంగీల మనిషిగానే ఉండినాడు. 1859 మార్చి 15వ తేదీన దర్బారు నుండి రెసిడెంటు కర్నల్ డేవిడ్సన్‌తో కలిసి వెలుపలికి వస్తుండగా జహంగీర్ ఖాన్ అనువాడు వారిపై తుపాకి కాల్చి, కత్తి దూసి మీదకు వచ్చినాడు. 1868లో ఈద్ దర్బారుకు పోతుండగా మరల కాల్పులు జరిగినవి. రెండు సార్లును ఆయన బ్రతికి బయటపడినాడు. రెండు సార్లును తిరిగి తన కార్యాలయానికే పోయినాడు.

బయటి శత్రువుల కంటె ఇంటిలోని అనుమానం ఆయనను ఎక్కువ బాధించినది. అఫ్జలుద్దౌలాకు తన దివానుపై నమ్మకం తక్కువ. దివాను అనుమతి లేనిదే నగరం వెలుపలికి పోరాదు. రెసిడెంటును కలుసుకొనుటకు, తన తోటలో విందు చేయుటకు సయితం అనుమతి కావలసినదే. రాజ్యమంతటికీ జిల్లాలు గీసిన మనిషి ఆ జిల్లాలను కండ్లారా చూచుటకు స్వేచ్ఛగా తిరుగలేకపోయినాడు. ఆయనను తొలగించవలెనని ఒకటి కంటె ఎక్కువసార్లు ప్రయత్నాలు జరిగినవి. ఆంగ్ల రెసిడెంట్లు అడ్డుపడుట వలన అవి నెరవేరలేదు. ఇంతటి అవమానంలోనూ ఆయన ప్రభువుపట్ల మర్యాద తప్పలేదు. దర్బారులో ఆచారం ప్రకారం నిలబడినాడు. తెరచిన తలుపు దొరికినపుడల్లా ఒక్కొక్క సంస్కరణను లోపలికి తెచ్చినాడు.

ఆ సంస్కరణల ప్రధాన ఘట్టం 1864 నుండి 1868 వరకు నడిచినది. ముందుగా రెవెన్యూ బోర్డు ఏర్పడినది. 1865లో జిలాబందీ అనే పేర రాజ్యాన్ని జిల్లాలుగా విభజించు పని ఆరంభమైనది. కొన్ని జిల్లాలను కలిపి ఒక విభాగంగా చేసి, అట్టి ఐదు విభాగాలపై ఉన్నతాధికారులను నియమించినారు. జిల్లాకు మొదటి తాలూకాదారు, అతని క్రింద రెండవ, మూడవ తాలూకాదారులు, తాలూకాకు తహసీల్దారు అనే మెట్ల వరుస నిలిచినది. ఎవరు ఎవరికి జవాబుదారి అనునది మొదటిసారిగా కాగితంపై స్పష్టమైనది. ధాన్యరూపంలో పంచుకొనే పాత పద్ధతికి మారుగా నగదు శిస్తు వచ్చినది. పోలీసును రెవెన్యూ నుండి వేరుచేసినారు. 1868లో న్యాయం, రెవెన్యూ, పోలీసు, ఇతర శాఖలకు నలుగురు సదరుల్ మహాములను, అనగా మంత్రులను నియమించినాడు. తహసీల్దారు అనే మాట నేటికీ మన ప్రభుత్వ కార్యాలయాల బోర్డులపై కనిపిస్తూనే ఉన్నది.

ఈ మార్పులో పాతవారి గతి ఏమైనది? మా అభిప్రాయంలో సాలార్ జంగ్ ప్రజ్ఞ అంతయు ఈ ప్రశ్నకు ఆయన ఇచ్చిన సమాధానంలో ఉన్నది. అంతకుముందు రాజ్యపు రెవెన్యూ దస్త్రాలు దఫ్తర్దారులనబడే రెండు గొప్ప కుటుంబాల అధీనంలో తరతరాలుగా ఉండినవి. ఏ జాగీరు ఎవరిదో, ఏ సనదు ఎప్పటిదో వారి దస్త్రాలకే తెలుసు. ఆయన వారిని అవమానించి వెళ్లగొట్టలేదు. వారి బిరుదులు, గౌరవాలు, ఆదాయాలు అట్లే ఉంచినాడు. కొత్త లెక్కలు మాత్రం కొత్త కార్యాలయంలో వ్రాయించినాడు. క్రమంగా పని అంతయు కొత్త కార్యాలయానికి నడిచిపోయినది, గౌరవం పాత ఇంటిలో మిగిలినది. ప్రభువుల పాయెగాలను, జాగీరులను, నిజాము సొంత ఆస్తియైన సర్ఫెఖాస్‌ను కూడా ఆయన తాకలేదు. దివానీ అనబడే సర్కారు భూములలోనే తన కొత్త పాలనను నాటినాడు. పాత మొగలాయి పద్ధతి ఒక ప్రక్క, కొత్త దివానీ పద్ధతి ఒక ప్రక్క చాలాకాలం కలిసి జీవించినవి. పాత ఇంటిని పడగొట్టకుండా ప్రక్కన కొత్త ఇల్లు కట్టి, ఒక్కొక్క సామానును అందులోనికి చేర్చిన గృహస్థు వంటివాడు ఆయన.

కొత్త కార్యాలయాలకు కొత్త మనుష్యులు కావలెను. ఉన్నవారికి చదువు చెప్పుట ఒక మార్గం, చదివినవారిని బయటనుండి తెచ్చుట మరొక మార్గం. ఆయన రెండు మార్గాలను అనుసరించినాడు. ఆయన పాలన తొలినాళ్లలోనే దారుల్ ఉలూమ్ పాఠశాల వెలసినది. 1872లో చాదర్ఘాటు ఉన్నత పాఠశాల, 1873లో ప్రభువుల బిడ్డల కొరకు మదర్సా ఆలియా ఏర్పడినవి. ఇక ఉత్తరదేశంనుండి సయ్యద్ హుస్సేన్ బిల్గ్రామీ, మొహ్సినుల్ ముల్క్, వికారుల్ ముల్క్, చిరాగ్ అలీ, డిప్యూటీ నజీర్ అహ్మద్ వంటి దక్షులను రప్పించినాడు. అలీగఢ్ ఉద్యమంతో సంబంధమున్న ఈ పండితులు దక్కను పాలనకు నియమాలు, నివేదికలు, గణాంకాలు సమకూర్చినారు. బిల్గ్రామీ తన యజమాని జీవితాన్ని గ్రంథంగా వ్రాసినాడు. చిరాగ్ అలీ ఆయన పాలనను నాలుగు సంపుటాలలో వివరించినాడు. బయటివారు దర్బారు రాజకీయాలలో తలదూర్చకుండా దివాను జాగ్రత్తపడినాడు. ఆయన ఉన్నంతకాలం ఆ కట్టడి నిలిచినది.

1869లో అఫ్జలుద్దౌలా మరణించగా, మూడేండ్ల శిశువు మీర్ మహబూబ్ అలీ ఖాన్ నిజాము అయినాడు. సాలార్ జంగ్, అమీరె కబీరు కలిసి రాజప్రతినిధులుగా పాలించినారు. ఇప్పుడు ఆయన చేతులకు కొంత స్వేచ్ఛ లభించినది. 1874లో వాడి నుండి హైదరాబాదు, సికిందరాబాదుల వరకు రైలుమార్గం తెరువబడినది. బొంబాయి, మద్రాసు మార్గంతో మన నగరం కలిసినది. అయితే ఆ మార్గానికైన వ్యయభారం నిజాము ఖజానాపైనే పడినది.

ఆయన హృదయంలో ఒక్క కోరిక మాత్రం తీరకుండా మిగిలినది. అది బీరారు. తాను పదవి స్వీకరించుటకు కొద్ది దినాల ముందు చేజారిన ఆ భూమిని తిరిగి తెచ్చుట తన ధర్మమని ఆయన నమ్మినాడు. అప్పుకై తీసుకొన్న భూమిని, అప్పు తీర్చగలిగిన నాడు తిరిగి ఇవ్వవలెనని ఆయన వాదం. ఆంగ్ల ప్రభుత్వం అంగీకరించలేదు. 1876లో ఆయన స్వయంగా ఇంగ్లండుకు ప్రయాణమైనాడు. దారిలో పారిసు నగరంలోని హోటలు మెట్లపై పడి తొడ ఎముక విరిగినది. ఆ బాధతోనే లండను చేరినాడు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం జూన్ 21వ తేదీన గౌరవ డాక్టరేటును ప్రదానం చేసినది. లండను నగరం పౌరసత్వ గౌరవమిచ్చినది. విందులు జరిగినవి, ప్రశంసలు కురిసినవి, బీరారు మాత్రం రాలేదు. పైగా 1877లో, ఆయన ఇష్టానికి విరుద్ధంగా, ఆయనతో పొసగని రషీదుద్దీన్ ఖానును సహప్రతినిధిగా ఆంగ్ల ప్రభుత్వం నియమించినది. 1857లో తాను అండగా నిలిచినవారే ఈ విధంగా తన చేతులు కట్టివేయుట ఆయన జీవితంలోని మిక్కిలి చేదైన అనుభవం. పరులను నమ్మి చేసిన మేలుకు ప్రతిఫలం వారి అవసరం ఉన్నంతవరకే దక్కునని ఈ ఘట్టం మనకు నేర్పుతున్నది.

1883 ఫిబ్రవరిలో ఒక విదేశీ అతిథి గౌరవార్థం మీర్ ఆలం చెరువుపై విహారం ఏర్పాటు చేసి తిరిగి వచ్చిన వెంటనే ఆయనకు కలరా సోకినది. ఫిబ్రవరి 8వ తేదీన తన యాభై నాలుగవ యేట మరణించినాడు. నగరంలోని దాయరా మీర్ మోమిన్ శ్మశానంలో తన పూర్వుల నడుమ ఆయన విశ్రాంతి పొందుచున్నాడు. ముప్పదియేండ్లపాటు ముగ్గురు నిజాముల క్రింద ఎడతెగక దివానుగా ఉండి, తన మరణం రోజున, తనకు లభించిన దానికంటె ఎంతో బాగైన రాజ్యాన్ని విడిచిపోయినాడు.

ఇక లోపాల మాట. ప్రభువుల జాగీరులను తాకకపోవుట ఆనాడు వివేకమే కావచ్చును. కాని ఇరువదవ శతాబ్ది నాటికి కూడా రాజ్యంలో సుమారు 40 శాతం భూమి జాగీరులు, సర్ఫెఖాస్ క్రిందనే ఉండినది. ఆ భూములలోని రైతుకు సాలార్ జంగ్ సంస్కరణల వెలుగు సరిగా చేరలేదు. జాగీరులు 1949లో గాని రద్దు కాలేదు. వాయిదా వేసిన ప్రశ్న తొంబదియేండ్ల తరువాత, మరింత కఠినంగా, మనుమల ముందు నిలబడినది. రెండవ లోపం భాషకు సంబంధించినది. రాజ్యంలో తెలుగు, మరాఠీ, కన్నడం మాట్లాడే ప్రజలే అధికం. పాలన మాత్రం పారశీలోనే సాగినది. ఆయన మరణానంతరం 1884లో పారశీ స్థానంలో ఉర్దూ వచ్చినది గాని, తెలుగు రైతుకు కచేరీ కాగితం అప్పటికీ చదువరాని కాగితమే. ఉర్దూ, తెలుగు రెండింటినీ మాతృభాషలవలె ప్రేమించే మా వంటివారికి ఈ సంగతి చెప్పుట కష్టమే. అయినను చెప్పవలసియున్నది. ఒక భాష గౌరవం మరొక భాష వాని నోరు మూయించుటలో లేదు.

మూడవది, వ్యవస్థ అంతయు ఒక్క మనిషి భుజాలపై నిలుచుట. బయటినుండి వచ్చిన అధికారులకు, స్థానికులకు నడుమ ఆయన గీచిన గీత ఆయనతోనే చెరిగిపోయినది. ముల్కీ, నాన్ ముల్కీ అనే వివాదం ఆనాటి నియామకాలలోనే విత్తనం నాటుకొని, తరువాతి శతాబ్దిలో కూడా ఈ ప్రాంతపు రాజకీయాలను కుదిపివేసినది. స్థానిక యువకులకు విద్య నేర్పు పని, బయటివారిని నియమించు పని కంటె ముందు నడచినచో ఈ చేదు తగ్గియుండేదని మా నమ్మకం. 1884లో దివాను అయిన ఆయన కుమారుడు మీర్ లాయఖ్ అలీ ఖాన్, రెండవ సాలార్ జంగ్, మూడేండ్లకే పదవి విడువవలసి వచ్చినది. పేరును వారసత్వంగా ఇవ్వవచ్చును. ముప్పదియేండ్లు ఓర్చిన సహనాన్ని అట్లు ఇచ్చుట సాధ్యం కాదు.

ఈ జీవితంనుండి మనం నేర్వదగినది ఏమి? మార్పును కోరువాడు ముందు లెక్క తెలిసికొనవలెను. ఇచ్చిన మాట, చెప్పిన గడువు తప్పకూడదు. జీతం ఇవ్వక నీతి బోధించరాదు. పాతవారి గౌరవాన్ని కాపాడుచునే పాత పద్ధతిని మార్చవచ్చును. అయితే కష్టమైన ప్రశ్నను వాయిదా వేయునపుడు, అది ఎవరి నెత్తిన పడునో కూడా ఆలోచించవలెను. మన సంప్రదాయంలో పదవిని అమానత్ అందురు. అనగా మనది కానిది, మనవద్ద దాచబడినది, ఒకనాడు లెక్కతో తిరిగి అప్పగించవలసినది. తాకట్టులోని తాలూకాలను విడిపించి ఖజానాకు చేర్చిన ఆ యువకుడు ఈ మాటను ఆచరణలో చూపినాడు.

కళాశాల కూడా ఒక చిన్న రాజ్యమే. ఇక్కడను పాత పద్ధతులున్నవి, పాత పెద్దలున్నారు, కొత్త ఆశలతో వచ్చే యువకులున్నారు. మా పాలకవర్గపు పెద్దలు ఏ మార్పును తలపెట్టినను, విద్యార్థులు రేపు ఏ కార్యాలయంలో, ఏ వ్యాపారంలో బాధ్యత వహించినను, ఈ ముప్పదియేండ్ల చరిత్ర వారికి ఉపకరించునని మా విశ్వాసం. ఈసారి మ్యూజియమునకు వెళ్లినపుడు మన విద్యార్థులు గడియారం మ్రోగువరకు నిలిచి చూడవలసినదే. కాని తిరిగి వచ్చునపుడు దాయరా మీర్ మోమిన్ వైపు కూడా నాలుగడుగులు వేసి, ఆ సమాధివద్ద ఫాతిహా చదివి గాని, మౌనంగా తలవంచి గాని రావలెనని కోరుచున్నాము. అక్కడ మ్రోగే గడియారం ఏదీ లేదు. ఇరువది నాలుగేండ్ల వయస్సులో దివాళా తీసిన ఖజానా తాళపుచెవులు అందుకొన్న ఒక యువకుడు, తన లెక్క అప్పగించి, అక్కడ నిద్రిస్తున్నాడు.